పికప్ వెనక వంటిల్లు: మన ఘాట్ రోడ్లకు ఏ స్లైడు నిలుస్తుంది?

కార్తీకం వచ్చిందంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం తెలుగిళ్లలో వనభోజనాల కబుర్లు మొదలవుతాయి. అవి ముగియగానే డిసెంబరు వస్తుంది, ఒడియా ఇరుగుపొరుగు భోజికి, అంటే పిక్నిక్‌కి, సామాన్లు సర్దుతుంటారు. నాగావళి ఒడ్డు, చాటికోన జలపాతం, తప్తపాణి, చంద్రగిరి బౌద్ధ విహారం, ఇంకాస్త ఓపికుంటే దేవమాలి. ఇదివరకు అద్దె జీపులో గుండిగలు వేసుకుని వెళ్లేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్ల ముందు సొంత పికప్పులే ఉంటున్నాయి. వ్యాపారానికి కొన్న బొలెరో క్యాంపర్ కొందరిది, ముచ్చటపడి కొన్న ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ మరికొందరిది. బండి వచ్చాక వచ్చే ప్రశ్న ఒకటే: వెనక తలుపు తీసి లాగితే డ్రాయరులా బయటికొచ్చే వంటిల్లు, అదే స్లైడు కిచెన్, పెట్టించుకోవాలి, ఏది మంచిది?

దారులు నాలుగున్నాయి. రెడీమేడ్ స్లైడు కొనుక్కోవచ్చు. వడ్రంగి చేత ప్లైవుడ్ డ్రాయరు చేయించి టెలిస్కోపిక్ చానెళ్ల (కప్‌బోర్డు డ్రాయర్లకి వాడే, ఒకదాంట్లోంచి ఒకటి జారే పట్టాల) మీద పెట్టించుకోవచ్చు. వెల్డింగ్ షాపులో ఇనుప ఫ్రేము కట్టించి బేరింగుల మీద నడిపించవచ్చు. లేదా స్లైడు జోలికే పోకుండా ఒక వంటపెట్టె చేయించుకుని, బండి ఆగాక వెనక తలుపు మీద దించుకోవచ్చు. నా మాట ముందే చెప్పేస్తాను. నెలకోసారైనా బయటికి వెళ్లే కుటుంబానికి, మన రోడ్ల మీద, వెల్డింగ్ షాపు ఫ్రేమే సరైనది. ఏడాదికి రెండుమూడు సార్లు వెళ్లేవాళ్లకు వంటపెట్టె చాలు, స్లైడు మీద డబ్బు పెట్టక్కర్లేదు. మిగతా రెండూ ఎవరికి పనికొస్తాయో కింద చెబుతాను. దానికి ముందు బరువు, ఎత్తు, దుమ్ము గురించి మాట్లాడుకోవాలి. వీడియోల్లో ఎవరూ వీటి గురించి చెప్పరు.

బరువు

విదేశీ వీడియోల్లో కనిపించే స్లైడు కిచెన్ మీద చిన్న స్టవ్వు, ఒక పెనం, రెండు కప్పులు ఉంటాయి. మన వంట అలా ఉండదు కదా. అయిదు కిలోల గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే దాదాపు పన్నెండు పదమూడు కిలోలు తూగుతుంది. రెండు బర్నర్ల స్టవ్వు, పప్పో అన్నమో ఉన్న అయిదు లీటర్ల కుక్కరు, బియ్యం, పప్పులు, నూనె, పోపులపెట్టె, స్టీలు కంచాలు. వీటికి డ్రాయరు సొంత బరువు కూడా కలపండి. నీళ్లు కాకుండానే 50 కిలోలు సులువుగా దాటుతుంది.

ఆ 50 కిలోలు లోపల ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. బయటికి లాగినప్పుడే ఉంది అసలు సంగతి. డ్రాయరు పొడవు నాలుగడుగులు, అంటే 120 సెంటీమీటర్లు అనుకుందాం. బరువు అంతటా సమానంగా పరుచుకుని ఉంది. దాన్ని 90 సెంటీమీటర్లు బయటికి లాగితే లోపల మిగిలేది 30. అప్పుడు బరువు కేంద్రం బండి అంచుకి 30 సెంటీమీటర్లు బయట పడుతుంది. డ్రాయరు వెనక కొస 50 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది, అంచు దగ్గరున్న బేరింగుల మీద 100 కిలోలు పడతాయి. ఇంతలో ఎవరో ముచ్చట్లాడుతూ డ్రాయరు చివర మోచేతులు ఆనించి ఇరవై కిలోలు మోపారనుకోండి. వెనక కొసను ఎత్తే బలం 110 కిలోలకి, ముందు బేరింగుల మీద భారం 180 కిలోలకి చేరుతుంది. పెట్టిన సామాను ఏమీ పెరగలేదు, అయినా భారం దాదాపు రెట్టింపయింది.

అందుకే చానెల్ అట్టపెట్టె మీద 100 కిలోలు అని చూసి సంబరపడకూడదు. ఆ అంకె సాధారణంగా జతకి ఇస్తారు. అదీ చానెళ్లు నిలువుగా, పక్కలకి బిగించి, బరువు సమానంగా పరిచినప్పటి మాట. అదే చానెల్‌ని పడుకోబెట్టి బిగిస్తే చాలా తక్కువే మోస్తుంది. మీరు ఏ దారి ఎంచుకున్నా డ్రాయరు చివర కిందికి మడత విప్పే కాలు ఒకటి పెట్టించండి. కాలు నేలకి ఆనితే పైన చెప్పిన లెక్క మొత్తం మారిపోతుంది, బరువు రెండు చివరలా పంచుకుంటుంది. కాలుకి స్క్రూతో ఎత్తు సర్దుకునే పాదం తప్పనిసరి. మనం బండి ఆపే చోట నేల చదునుగా దొరకదు.

ఎత్తు

చాలా పికప్పుల్లో వెనక బెడ్, అంటే సామాను వేసే తొట్టి, అడుగు నేల నుంచి 80 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది, ఫోర్ బై ఫోర్ బండి అయితే ఇంకాస్త పైనే. ఇంట్లో వంటగట్టు ఎత్తు 85 సెంటీమీటర్ల చుట్టుపక్కల. తేడా లేదనిపిస్తుంది, కానీ లెక్క వేసి చూడండి. బెడ్ 80, దాని మీద స్లైడు ఫ్రేము 12, ఆపైన స్టవ్వు 10, ఆపైన కుక్కరు 20. కుక్కరు మూత నేల నుంచి 122 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అయిదడుగుల మనిషికి అది ఇంచుమించు భుజం ఎత్తు. కుక్కరు బదులు అడుగుకి పైన లోతున్న గుండిగ పెడితే అందులో ఏం ఉడుకుతోందో వండేవాళ్లకి కనిపించదు. వేడి నూనెతో ఆ ఎత్తులో పని చేయడం మంచిది కాదు, చేతుల మీద ఒలుకుతుంది.

సాలూరు వైపు లారీల పని చేసే ఒక మేస్త్రిని ఈ విషయం అడిగితే ఆయన అన్నది నాకు బాగా నచ్చింది. "బాబూ, ఎంత బయటికి రావాలో చెప్పండి, ఎవరు వండుతారో వాళ్లని తీసుకొచ్చి బండి దగ్గర నిలబెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను." నిజంగా అలాగే చేయాలి. అమ్మో, అత్తగారో, వంట చేసే మీరో, ఎవరైతే వాళ్లు బండి వెనక నిలబడాలి, చేతిలో గరిటె ఉండాలి, మోచేయి ఎంత ఎత్తులో ఆగుతుందో టేపుతో కొలవాలి. స్టవ్వు అడుగు దానికన్నా పైన ఉండకూడదు. ఎక్కువైతే రెండు మార్గాలు. స్టవ్వు కూర్చునే చోట డ్రాయరు అడుగుని ఫ్రేముకి వీలైనంత కిందికి దించడం ఒకటి. డ్రాయరు చివర పక్కకి కొక్కేలతో తగిలించే చిన్న స్టాండు చేయించి, స్టవ్వుని డ్రాయరు అడుగుకన్నా అరడుగు కిందికి వేలాడదీయడం రెండోది. రెండోదే నా ఓటు. స్టవ్వు అటు వెళ్తే డ్రాయరు మీద కూరగాయలు కోసుకోవడానికి చోటు కూడా మిగులుతుంది.

వెనక తలుపు సంగతి కూడా ఇక్కడే. కిందికి తెరుచుకునే తలుపు దాదాపు అడుగున్నర ముందుకి పొడుచుకు వస్తుంది. డ్రాయరు రెండడుగులే బయటికొస్తే అది చాలావరకు తలుపు మీదే ఉండిపోతుంది, మీరు పక్కనుంచి వంగి వండాలి. మూడడుగులైనా రావాలి. అందుకే సగం పొడవే తెరుచుకునే చానెళ్లు ఈ పనికి రావు.

ఇరవై మందికి పులిహోర, పప్పుచారు, పాయసం వండే వనభోజనానికి స్లైడు మీద ఆశ పెట్టుకోవద్దు. పెద్ద గుండిగలకి నేల మీద పెట్టే బర్నరు వేరే తీసుకెళ్లండి. టీ, ఉప్మా, పప్పు, వేపుడు, పోపు, సామాను సర్దుబాటు, వడ్డన, ఇవి స్లైడు చేసే పనులు. ఈ గీత ముందే గీసుకుంటే చిన్న స్లైడే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

దుమ్ము

కోరాపుట్, రాయగడ జిల్లాల కొండలు బాక్సైట్ కొండలు. నాల్కో గని పంచపత్‌మాలి కూడా ఈ వరసలోదే. ఇక్కడి ఎర్రమట్టి వానాకాలంలో బురద, దసరా దాటితే పొడి. తారు రోడ్డు దిగి ఏ ఊరి దారి పట్టినా సాయంత్రానికి బెడ్ లోపల వేలితో పేరు రాయొచ్చు. టెలిస్కోపిక్ చానెల్‌కి అసలు శత్రువు ఈ పొడే. చానెల్ లోపల చిన్న చిన్న ఉక్కు గుండ్లు గ్రీజులో తిరుగుతుంటాయి, పైన మూత ఉండదు. గ్రీజుకి ఎర్రమట్టి అంటుకుంటే గరుకు కాగితంలా రుద్దుతూ దారిని అరగదీస్తుంది. మొదట లాగితే కరకరమంటుంది, తర్వాత ఒక పక్క ముందు వచ్చి రెండో పక్క వెనకబడుతుంది, చివరికి గుండ్లు రాలిపోతాయి. ఇంట్లో కప్‌బోర్డులో పదేళ్లు నడిచే చానెల్ ఇక్కడ అంతకాలం నడవదు.

దీనికి తోడు బండి బెడ్ మెలి తిరుగుతుంది. ఒక చక్రం గోతిలో, ఒక చక్రం రాయి మీద ఉన్నప్పుడు ఫ్రేమంతా కొద్దిగా వంకర పోవడం పికప్పులకి సహజం. టెలిస్కోపిక్ చానెళ్లు రెండూ కచ్చితంగా సమాంతరంగా ఉంటేనే జారతాయి. బెడ్‌కి నేరుగా బిగిస్తే వంకర నేల మీద డ్రాయరు ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నది లాగబోతే ఊడి వస్తుంది.

రెడీమేడ్, ప్లైవుడ్

రెడీమేడ్ స్లైడు కిచెన్లు చూడటానికి బాగుంటాయి. స్టీలో అల్యూమినియమో వాడతారు కాబట్టి తుప్పు బెడద తక్కువ. లోపలా బయటా రెండు చోట్లా లాక్ పడుతుంది. సింకు, గాలి తెర, మడత బల్ల అన్నీ ఉంటాయి. విశాఖ, రాయపూర్, హైదరాబాద్ హైవేల మీద తిరిగే ముగ్గురు నలుగురి కుటుంబానికి ఇది హాయి. కొనేముందు మూడు చూసుకోండి. మీ స్టవ్వు, మీ కుక్కరు అందులో కూర్చుంటాయా? చాలావాటిలో ఫలానా స్టవ్వు కొలతకే గాడి కోసి ఉంటుంది. స్లైడు పాడైతే అదే కొలత చానెల్ విడిగా దొరుకుతుందా? బిగించడానికి మీ బండి బెడ్‌లో ఉన్న రంధ్రాలే సరిపోతాయా? ఈ మూడింటికీ జవాబు స్పష్టంగా రాకపోతే ఆ డబ్బు అక్కడ పెట్టొద్దు. జిల్లా దాటి స్పేరు తెప్పించుకోవాల్సిన వస్తువు ఘాట్ రోడ్డు మీద నమ్మదగింది కాదు.

ప్లైవుడ్ డ్రాయరుకి మంచి వడ్రంగులు బరంపురం నుంచి జయపురం దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పని నాజూగ్గా వస్తుంది, అరలు మీ ఇష్టం, చప్పుడు తక్కువ. ప్లై మాత్రం ఐఎస్ 710 ముద్రున్న, నీళ్లకి తట్టుకునే బిడబ్ల్యూపి రకమే తీసుకోండి. మామూలు ప్లై ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది. 18 మిల్లీమీటర్ల 8×4 షీటు ఒక్కటే 35 కిలోల పైన తూగుతుంది. వడ్రంగులు అలవాటుగా అంతా 18తోనే చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. అడుగుకి 18, గోడలకి 12 చాలు. కోసిన అంచులన్నీ రంగుతోనో ఫెవికాల్ మెరైన్‌తోనో మూసేయాలి, నీళ్లు వెళ్లేది అక్కడి నుంచే. ఈ దారి ఎంచుకుంటే చానెళ్లు నేరుగా బెడ్‌కి బిగించకుండా ముందు ఒక గట్టి పెట్టె చేయించి, పెట్టె లోపల చానెళ్లు బిగించి, పెట్టెని రబ్బరు వాషర్లతో బెడ్‌కి పట్టించండి. బెడ్ మెలి తిరిగినా ఆ వంకర పెట్టె దాకా పెద్దగా రాదు. బండికి వెనక గట్టి మూత ఉండి, తిరగడం ఎక్కువగా తారు రోడ్ల మీదే అయితే ఇది మంచి ఎంపికే. మూత లేని బెడ్‌లో, టార్పాలిన్ కింద అయితే వద్దు.

వెల్డింగ్ షాపు ఫ్రేము

ఇది చూడటానికి మొరటుగా ఉంటుంది. అయినా నా మనసు దీని వైపే, ఎందుకో చెబుతాను.

25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 1.6 మందం, మీటరుకి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. పదిహేను మీటర్లతో ఫ్రేము మొత్తం తయారవుతుంది, అంటే పద్దెనిమిది కిలోలు. డ్రాయరు రెండు పక్కలా యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప) పట్టాలు. బెడ్ అంచు దగ్గర ఫ్రేముకి పక్కకొకటి చొప్పున బేరింగులు, వాటి మీద డ్రాయరు నడుస్తుంది. డ్రాయరు వెనక కొసకి మరో జత బేరింగులు, అవి పైనున్న యాంగిల్ కింద ఆనుకుని పరిగెడతాయి. వెనక కొస పైకి లేవకుండా పట్టేది ఈ జతే. ఇందాకటి లెక్కలో చూసిన ఆ 110 కిలోలు దీనికే తగులుతాయి. అందుకే పై యాంగిల్‌ని రెండు చుక్కల టాకాలతో వదిలేయకుండా పొడవునా మధ్యమధ్యలో గట్టి వెల్డింగ్ వేయించాలి.

బేరింగులు 6202 నంబరు, రెండు పక్కలా రబ్బరు సీలున్నవి. సీలింగ్ ఫ్యానుల్లో వాడే నంబరే కాబట్టి ఏ చిన్న టౌనులోనైనా దొరుకుతుంది. గ్రీజు సీలు లోపలే ఉంటుంది, బయట పట్టాకి గ్రీజు అస్సలు రాయకూడదు. ఎర్రమట్టి పట్టా మీద పడితే పడనీయండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించినా, చీపురుతో తుడిచినా పోతుంది. పట్టాకీ బేరింగుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల వదులు ఉంటుంది కనుక బండి మెలి తిరిగినా ఇరుక్కోదు. ఏదైనా విరిగితే బిసమ్‌కటక్‌లోనో లక్ష్మీపూర్‌లోనో రోడ్డు పక్క వెల్డరు అరగంటలో అతికిస్తాడు. ఈ ఒక్క కారణానికే నేను మిగతా లోపాలన్నీ ఓర్చుకుంటాను.

లోపాలు లేకపోలేదు. ఆ రెండు మిల్లీమీటర్ల వదులు వల్ల గతుకుల్లో గడగడలాడుతుంది. లోపలికి తోశాక రబ్బరు ముక్కల మీద బిగిసి కూర్చునేలా చేసి, లివర్ గడియ పెడితే చాలావరకు తగ్గుతుంది. తుప్పు ఇంకో లోపం. వెల్డింగ్ అతుకులు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆపైన ఎనామెల్ వేయాలి. పైపుల నోళ్లు మూయించాలి, లేకపోతే నీళ్లు లోపల నిలిచి కనపడకుండా తింటుంది. మరొకటి లాక్. టవర్ బోల్టు చాలదు. లోపలున్నప్పుడు ఒకటి, పూర్తిగా లాగినప్పుడు ఒకటి, మందపాటి పిన్ను పడే లాక్ రెండు చోట్లా ఉండాలి. ఘాట్ ఎక్కుతున్నప్పుడు 50 కిలోల డ్రాయరు వెనక తలుపుని గుద్దితే తలుపు కొక్కెం ఊడొచ్చు, అది వెనక వచ్చే మోటార్ సైకిల్ మీద పడొచ్చు.

వెడల్పు మాత్రం బెడ్ మొత్తం తీసుకోవద్దు. చక్రాల గూళ్ల మధ్య చాలా బళ్లలో మూడున్నర అడుగులు ఉంటుంది. అందులో సగం డ్రాయరుకి, సగం పక్కబట్టలకీ టెంటుకీ. ఇనుప ఫ్రేములో అరలు అతికించేయకుండా ఎత్తి బయటికి తీసుకునే ప్లైవుడ్ పెట్టెలు పెట్టించుకోండి. ఇంటికొచ్చాక పెట్టెలు వంటింట్లోకి వెళ్తాయి, ఎలకలు బండిలోకి రావు.

ఇంతా వద్దనుకునేవాళ్లకి వంటపెట్టె సంగతి చిన్నదే: ఇద్దరు ఎత్తగలిగేలా సామానుతో కలిపి పాతిక కిలోలు దాటకుండా, రెండు పక్కలా పిడులు, ముందు మూత కిందికి తెరుచుకుని బల్ల అయ్యేలా. పాడయ్యేది ఏమీ ఉండదు.

పొయ్యి, నీళ్లు

పొయ్యి విషయంలో నాకు సందేహం లేదు, అయిదు కిలోల సిలిండరే. చిన్న డబ్బా బ్యూటేన్ స్టవ్వు టీకి బాగుంటుంది. కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర్లో ఆవిరి కావడం మానేస్తుంది. జనవరి తెల్లవారుజామున సిమిలిగుడ, పొట్టంగి వైపు చలిలో దాని మంట నీరసిస్తుంది. ఇండక్షన్ అనేవాళ్లు ఈ లెక్క చూడండి. 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. 1500 వాట్ల ఇండక్షన్ దాన్ని గంట లోపే ఖాళీ చేస్తుంది. ఒక పూట వంటకే సరి.

గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, బెడ్ అడుగున పోగవుతుంది. మూత వేసిన బెడ్‌లో సిలిండరు పెడితే దాని అర అడుగున బయటికి రంధ్రాలు ఉండాలి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే, బెల్టుతో కట్టి. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసేయండి. కదులుతున్న డ్రాయరుతో పాటు గ్యాసు పైపు లాగుడు పడకూడదు, అందుకని సిలిండరు కూడా డ్రాయరులోనే ఉండాలి లేదా బయట నేల మీదికి దించాలి. స్టవ్వు వెలిగించేటప్పుడు మంట మీద బండి మూత గానీ టార్పాలిన్ గానీ ఉండకూడదు.

నీళ్ల క్యాన్ డ్రాయరులో పెట్టొద్దు. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. క్యాబిన్ వైపు, బెడ్ అడుగున కట్టి, పైపుతో చిన్న 12 వోల్టుల పంపు పెట్టుకోవచ్చు. కుళాయి ఉన్న క్యాన్‌ని పక్కగోడ మీద పెట్టుకుంటే పంపు కూడా అక్కర్లేదు. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. అక్కడ నీళ్లు 94, 95 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకుండా అన్నం వండితే మామూలుకన్నా ఆలస్యమవుతుంది, గ్యాసు లెక్క కొంచెం ఎక్కువే వేసుకోండి.

ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా మన అడవుల్లో ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది. రిజర్వు ఫారెస్టులో మంట పెట్టకూడదు, స్లైడు మీదైనా సరే. బయట, ఖాళీ చోట కూడా కట్టెల పొయ్యికన్నా నేలకి మూడడుగుల పైనున్న గ్యాసు మంట ఎంతో మేలు. అడవి పక్కన బతికే మనం ఈ ఒక్కటీ పాటిస్తే చాలా చెట్లు మిగులుతాయి.

బిగించడం

వెల్డర్లు బెడ్‌కి నేరుగా అతికించేస్తామంటారు. వద్దు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. బోల్టులు విప్పితే సామానులా కిందికి దిగిపోయే ఫ్రేమైతే మీకే నిశ్చింత, పసుపు బోర్డు బండికి ఫిట్‌నెస్ వెళ్లేముందు దించేసుకోవచ్చు కూడా. బెడ్‌లో కంపెనీ ఇచ్చిన రంధ్రాలనీ, తాళ్లు కట్టే కొక్కేల బోల్టులనీ వాడుకోండి. కొత్త రంధ్రం తప్పనిసరైతే బండిని లిఫ్టు ఎక్కించి కింద ఏముందో చూశాకే డ్రిల్లు పట్టాలి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగు అన్నీ అక్కడే పోతాయి. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మీ బండి మోయగలిగేది తెలుస్తుంది. అందులోంచి మనుషుల బరువు పోగా మిగిలిందే స్లైడుకీ సామానుకీ. పెద్దగా కనిపించే బళ్లలో కూడా ఆ మిగులు కొన్నిసార్లు ఆశ్చర్యపోయేంత తక్కువ.

మేస్త్రికి పని అప్పజెప్పేటప్పుడు ఫ్రేముకి రంగు ఆఖరున వేయమనండి. వెల్డింగ్ అయిన రోజే ఫ్రేము బండిలో బిగించి, డ్రాయరులో నిండు నీళ్ల క్యాన్లు రెండు పెట్టి, ఒక గతుకుల రోడ్డు మీద గంటసేపు తిప్పి తీసుకురండి. తర్వాత డ్రాయరు పూర్తిగా లాగి, కాలు దించకుండా ఓ నిమిషం, దించి ఓ నిమిషం చూడండి. వెనక బేరింగుల పైనున్న యాంగిల్ వంగిందా, ఏ అతుకు దగ్గరైనా వెంట్రుకంత చీలిక వచ్చిందా, పిన్ను రంధ్రం సాగిందా, అప్పుడే తెలుస్తుంది. రంగు వేశాక అదే చీలిక పూడ్చాలంటే చుట్టూ గీకి, మళ్లీ అతికి, మళ్లీ ప్రైమర్ కొట్టాలి.